చదరంగంలో కర్చీఫ్

ఇంట్లో చదరంగం మూలన పడటానికి ఎక్కువసార్లు ఒకటే కారణం. ఎవరు గెలుస్తారో బోర్డు తెరవకముందే తెలిసిపోతుంది. అక్క కోచింగ్‌కి వెళ్తుంది, ఓపెనింగులు నోటికొచ్చు. తమ్ముడికి ఏ పావు ఎలా నడుస్తుందో మాత్రమే వచ్చు. నెల తిరక్కుండానే తమ్ముడు ఫోన్ పట్టుకుంటాడు, అక్క కంప్యూటర్‌తో ఆడుకుంటుంది, బోర్డు బీరువా పైకి చేరుతుంది. ఇద్దరికీ చదరంగం మీద ఇష్టం పోలేదు. వాళ్లిద్దరి మధ్య తేలాల్సింది ఏమీ మిగల్లేదు, అంతే.

దీనికి నేను చెప్పే మందు చిన్నది. ఒక్క నియమం మార్చండి. నవ్వు తెప్పించే నియమమైతే మరీ మంచిది. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, మార్చిన ఆ ఒక్కదాన్ని ఆఖరి ఎత్తు దాకా నిక్కచ్చిగా పాటించండి. నవ్వంతా ఆ నిక్కచ్చితనంలోంచే వస్తుంది. నియమాలన్నిటినీ గాలికి వదిలేస్తే కాసేపు గోల, ఆ తర్వాత విసుగు. అదే ఒక వింత నియమాన్ని వదలకుండా పట్టుకుంటే, దాని కడుపులోంచి మనం ఊహించని వింతలు ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఆ వింతల్ని ముందుగానే పసిగట్టడం సాధన చేస్తే అలవడే శక్తి. ఆఫీసులో ఒక పద్ధతి మార్చేటప్పుడు, ఇంట్లో ఒక కట్టుబాటు సడలించేటప్పుడు 'దీంతోపాటు ఇంకేం కదులుతుంది?' అని అడిగేది ఆ శక్తే. దాన్ని పెంచుకోవడానికి అరవై నాలుగు గడుల కన్నా ఖర్చు తక్కువ చోటు నాకు కనిపించలేదు.

పిచ్చెక్కిన రాణి

'ఆటను పాడుచేస్తారా?' అని అడిగే పెద్దలుంటారు. ఆట మీద వాళ్లకున్న గౌరవం నాకూ ఉంది. కానీ మనం అసలు చదరంగం అనుకుంటున్నదే ఒకనాటి వింత మార్పు. పాత ఆటలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడిచేవాడు, రాజు పక్కన నిలబడే బలహీనుడు. ఇప్పుడు మనం శకటు అంటున్న పావు మూలగా రెండో గడిలోకి గెంతేది, అంతకు మించి దానికి చేతకాదు. 15వ శతాబ్దం చివర్లో స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో ఎవరో ఈ రెండింటికీ కళ్లేలు వదిలేశారు. అక్కడి ఆటలో మంత్రి స్థానం అప్పటికే రాణిది. ఆ రాణి ఒక్కసారిగా బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోవడం మొదలుపెట్టేసరికి, ఇటలీవాళ్లూ ఫ్రాన్సువాళ్లూ ఆ కొత్త ఆటను పిచ్చెక్కిన రాణి ఆట అని పిలిచారు. వెక్కిరింపుగా పుట్టిన పేరే. కొన్ని దశాబ్దాల్లో ఆ పిచ్చి ఆటే నిలిచింది, పాతది కనుమరుగైంది.

మన దేశంలోనూ ఈ ఆట ఎప్పుడూ ఒక్క రూపంలో లేదు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ ఇక్కడ చూసి రాసిన చదరంగంలో నలుగురు కూర్చునేవారు, ఏ పావు కదపాలో పాచికలు చెప్పేవి. తాతల తరంతో ఆడినవాళ్లకు మరికొన్ని గుర్తుండవచ్చు. బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. చివరి వరుసకు చేరితే ఏ పావు గడిలో అడుగుపెట్టిందో ఆ పావుగా మారేది. చెక్ పడనంత వరకు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. ఈ ఆఖరి నియమం నాకు చాలా ఇష్టం. ఎంత పెద్దమనిషైనా జీవితంలో ఒక్క గెంతు గెంతవచ్చని ఎవరో ఉదారంగా అనుమతి ఇచ్చినట్టుంటుంది.

డేవిడ్ ప్రిచర్డ్ అనే ఆంగ్లేయుడు 1994లో ఇలాంటి మారు చదరంగాలకు ఒక విజ్ఞాన సర్వస్వమే వేశాడు. అందులో 1,400కు పైగా ఆటలున్నాయి. మీరు ఒక ఆట కనిపెట్టబోతున్నారంటే ఆ పెద్ద కుటుంబంలోకి ఒక బిడ్డను తెస్తున్నారన్నమాట.

కనిపెట్టినవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది

మంచి మార్పులన్నిటికీ ఒక లక్షణం ఉంది. నియమం ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు, దాని ఫలితాలు మాత్రం సాయంత్రమంతా తెగవు.

ఓడినవాడే గెలిచే చదరంగాన్ని తీసుకోండి. నియమం ఏమిటంటే, తినగలిగిన పావు కనిపిస్తే తిని తీరాలి. ముందుగా పావులన్నీ పోగొట్టుకున్నవాడు గెలిచినట్టు. ఇందులో రాజుకు ప్రత్యేక మర్యాద లేదు, అతన్నీ బలి ఇవ్వవచ్చు. ఇప్పుడు మంత్రిని చూడండి. మామూలు ఆటలో మన ధైర్యమంతా అతనే. ఇక్కడ అతనే పెద్ద బరువు, ఎందుకంటే ఎటు చూసినా తినాల్సినవే కనిపిస్తాయి. ఎదుటివాడు ఒక్కో బంటునూ వడ్డిస్తుంటే మంత్రి మాట్లాడకుండా తింటూ పోవాలి. బలమే శాపమయ్యే ఈ తలకిందులు చూస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు. అయినా ఇది తేలిక ఆట కాదు. తెల్లవాడు రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపి మొదలుపెడితే గెలుపు ఖాయమని 2016లో మార్క్ వాట్కిన్స్ కంప్యూటర్ల సాయంతో నిరూపించాడు. అంతదాకా తేలలేదంటే ఆ ఒక్క వాక్యం లోతు ఎంతో చూడండి.

ఐర్లండ్ రచయిత లార్డ్ డన్సనీ 1942లో ఒక వైపు మామూలు సైన్యాన్ని ఉంచి, మరోవైపు 32 బంట్లను నాలుగు వరుసల్లో నింపాడు. రాజు లేడు, మంత్రి లేడు, జనమే జనం. పులి-మేక ఆడిన తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు. రెండు పక్షాలకూ ఒకే బలం ఉండాలన్న పట్టింపు ఆ ఆటకూ లేదు. మీ ఇంట్లో ఆడేవాళ్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఈ దారి గుర్తుపెట్టుకోండి.

రాల్ఫ్ బెట్జా అనే అమెరికన్ ఆటగాడు ఇలాంటివి ఎన్నో కనిపెట్టాడు. 1977 నాటి ఒకదానిలో మన ఎత్తు వేశాక ఎదుటివాడి బంటు ఒకదాన్ని ఒక గడి ముందుకు మనమే నెట్టాలి. చదువుతుంటే ధర్మకార్యంలా ఉంటుంది. ఆడితే, అతని రాజు ముందున్న కాపలాను మనమే చేయి పట్టుకుని బయటికి నడిపిస్తున్నామని అర్థమవుతుంది. వెర్నాన్ పార్టన్ 1953లో తెచ్చిన ఆలిస్ చదరంగంలో రెండు బోర్డులుంటాయి. కదిపిన ప్రతి పావూ రెండో బోర్డులో అదే గడిలోకి మాయమవుతుంది. మన దేశంలో చదరంగ సమస్యలు కూర్చే అబ్దుల్ జబ్బార్ కర్వాట్కర్ 1979లో మద్రాసీ చదరంగం తెచ్చాడు. గుర్రాన్ని గుర్రం, ఏనుగును ఏనుగు గురిపెడితే, గురి తగిలినది కదలకుండా బిగుసుకుపోతుంది. ఇవి రెండూ కాస్త ఆరితేరినవాళ్లకు.

ఈ మధ్య వచ్చినవాటిలో నా మనసు గెలిచింది బాతు చదరంగం. 2016లో టిమ్ పాల్డెన్ కనిపెట్టాడు. బోర్డు మీద ఒక రబ్బరు బాతు ఉంటుంది. అది ఎవరిదీ కాదు. ప్రతివాడూ తన ఎత్తు వేశాక బాతును తీసి మరో ఖాళీ గడిలో పెట్టాలి. దాన్ని తినకూడదు, గుర్రం తప్ప ఏదీ దాన్ని దాటలేదు. చెక్ చెప్పడం ఉండదు, రాజును పట్టుకున్నవాడు గెలుస్తాడు. స్నానాల గదిలో ఉండాల్సిన బొమ్మ రాజుగారి ప్రాణం కాపాడుతుంటే చూసేవాళ్లు నవ్వుతారు. ఆడేవాళ్లు మాత్రం తల పట్టుకుని ఆలోచిస్తుంటారు. ఈ రెండూ ఒకేసారి జరగాలి. మీ ఆటకూ అదే గురి పెట్టుకోండి.

నవ్వు కోసం కాకపోయినా ఫిషర్ చేసిన మార్పు ఇక్కడ చెప్పాలి. 1996 జూన్‌లో బ్యూనస్ ఏరీస్‌లో బాబీ ఫిషర్ ప్రకటించిన పద్ధతిలో వెనక వరుస పావుల్ని చీటీ వేసి కలిపేస్తారు. శకట్లు రెండూ వేర్వేరు రంగు గడుల్లో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. ఈ రెండు షరతులతో 960 ఆరంభాలు వస్తాయి. కంఠస్థం చేసిన ఓపెనింగులు అక్కరకు రావు. దీనికి ప్రపంచ చదరంగ సమాఖ్య గుర్తింపుతో జరిగిన మొదటి పోటీ ఫైనల్లో, 2019లో, అప్పటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్‌ను వెస్లీ సో 13.5-2.5 తేడాతో ఓడించాడు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2025లో లాస్ వేగాస్‌లో ఇదే రకం పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఒక్క నియమం కదిలితే శిఖరం మీదున్నవాళ్ల వరుస కూడా మారుతుంది. మీ ఇంట్లో అక్కా తమ్ముళ్ల సంగతి వేరే చెప్పాలా?

మాజీ ప్రపంచ విజేత క్రామ్నిక్ 2019లో కోట కట్టడాన్నే తీసేయమన్నాడు. 2021లో డార్ట్‌మండ్‌లో ఆ పద్ధతిలోనే మన ఆనంద్‌తో ఆడి ఓడిపోయాడు. క్రామ్నిక్ డీప్‌మైండ్ సంస్థవాళ్లతో కలిసి కంప్యూటర్ చేత తొమ్మిది మార్పులను ఆడించి చూశాడు. సొంత పావును తాను తినడం, బంటు పక్కకు నడవడం, వెనక్కి నడవడం లాంటివి అందులో ఉన్నాయి. మనం ఇంట్లో చేయబోయేది కూడా ఆ పనే. కంప్యూటర్ బదులు మనకు తీరిక ఉంది.

కర్చీఫ్ వేద్దాం

ఇప్పుడు మనం ఒక ఆట తయారుచేద్దాం. తయారయ్యే క్రమమంతా చూపిస్తాను, ఎందుకంటే నేర్చుకోవాల్సింది అందులోనే ఉంది.

వింత నియమాన్ని గాల్లోంచి పట్టుకోవడం కష్టం. మన చుట్టూ ఉన్న అలవాటు నుంచి తీసుకోవడం తేలిక, అందరికీ వెంటనే అర్థమవుతుంది కూడా. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేయి పెట్టి సీట్లో కర్చీఫ్ వేయడం తెలుగువాడికి చెప్పక్కర్లేదు. మనిషి ఇంకా కిందే ఉంటాడు, సీటు మాత్రం అతనిది. ఆ హక్కును ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా చాలామంది గౌరవిస్తారు. దీన్ని బోర్డు మీదికి తెద్దాం.

నియమం: ప్రతి ఆటగాడి దగ్గర ఒక చిన్న గుడ్డపీలిక ఉంటుంది. తన ఎత్తు వేశాక దాన్ని ఏదైనా ఖాళీ గడిలో వేయవచ్చు. ఎదుటి పావులు ఆ గడి మీదుగా వెళ్లవచ్చు గానీ అందులో ఆగకూడదు. వేసినవాడి పావు వచ్చి అక్కడ కూర్చున్నప్పుడే పీలిక తిరిగి చేతికొస్తుంది, తర్వాతి వంతు నుంచి మళ్లీ వేయవచ్చు.

పాత చీర అంచు నుంచి రెండు రంగుల ముక్కలు కత్తిరించుకుంటే సామగ్రి సిద్ధం. కానీ వెంటనే ఆడకండి. ఏ కొత్త నియమాన్నైనా ముందు రాజు దగ్గరికి తీసుకెళ్లి అడగాలి. చెక్ ఏమవుతుంది? ఆటకట్టు ఏమవుతుంది? కోట కట్టడం ఏమవుతుంది? చివరి వరుసకు చేరిన బంటు ఏమవుతుంది? ఈ నాలుగు చోట్లా నియమం విరగకుండా నిలబడితే మిగతా చోట్ల సాధారణంగా నిలబడుతుంది.

మొదటి రెండు ప్రశ్నల దగ్గరే మన ఆట తడబడుతుంది. కోట కట్టుకుని కూర్చున్న రాజుకు ఊపిరాడటానికి ఎవరైనా ఏనుగు పక్క బంటును ఒక గడి జరిపి ఒక సందు ఉంచుకుంటారు. ఇప్పుడు ఎదుటివాడు ఏనుగుతో వెనక వరుసలో చెక్ చెప్పి, అదే వంతులో ఆ సందులో కర్చీఫ్ వేస్తాడు. రాజుకు దారి లేదు, ఆటకట్టు. ఒకసారి జరిగితే ఇల్లంతా నవ్వుతుంది. ప్రతి ఆటా ఇలాగే ముగిస్తే ఎవరూ నవ్వరు. అందుకే ఒక మినహాయింపు కావాలి: ఎదుటి రాజును ఆనుకుని ఉన్న ఎనిమిది గడుల్లో కర్చీఫ్ వేయకూడదు. వేసి ఉన్నదాని పక్కకు రాజే నడిచి వస్తే అది అతని ఇష్టం.

మినహాయింపు ఒక్కటి చాలు. రెండోది అవసరమైందంటే మొదటి నియమమే మార్చుకోవాలి. ఈ పట్టుదల లేనివాళ్ల ఆటలు నియమాల పుస్తకంగా మారతాయి, ఆడేవాడు దొరకడు.

ఇప్పుడు కోట దగ్గరికి వెళ్దాం. అసలు రుచి ఇక్కడుంది. గుర్రమూ శకటూ బయటికి వెళ్లాక రాజుకూ ఏనుగుకూ మధ్య రెండు గడులు ఖాళీగా ఉంటాయి. కోట కడితే రాజు వచ్చి కూర్చునేది రెండో గడిలో. ఆ గడి రాజును ఆనుకుని లేదు. అంటే అందులో కర్చీఫ్ వేయవచ్చు. వేశారంటే ఆ వైపు కోట మూతపడింది! ఇంటివాడు తన ఇంట్లోనే ఒక గదిలోకి పోలేడు. ఇది తెలిసిన మరుక్షణం ఆటగాళ్ల ప్రవర్తన మారిపోతుంది. గుర్రాన్ని తొందరగా బయటికి తీయడం మంచిదని పుస్తకాలు చెప్తాయి. ఇక్కడ గుర్రం ఇంట్లో కూర్చున్నంతసేపూ ఆ గడికి భద్రత.

వేసినవాడికీ నష్టం ఉంది. శత్రువు ఇంటి నడిమధ్య వేసిన గుడ్డను తిరిగి తెచ్చుకోవాలంటే అతని పావు అక్కడిదాకా వెళ్లి కూర్చోవాలి. అది జరిగే పని కాదు. కాబట్టి అతని ఒకే ఒక్క కర్చీఫ్ ఆటంతా అక్కడే ఉండిపోతుంది. దాని విలువ నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి తెలుస్తుంది. చివరి వరుసకు ఒక్క అడుగు దూరంలో ఉన్న ఎదుటి బంటు ముందు గడిలో కర్చీఫ్ వేస్తే ఆ బంటు మంత్రి కాలేదు, పక్కన ఏదైనా తినడానికి దొరికితే తప్ప. మొత్తం సైన్యం పోయి ఒక్క రాజు మిగిలినవాడు కూడా జేబులో గుడ్డముక్క ఉంటే ఓటమి తప్పించుకోవచ్చు. తొందరపడి కోట మూయాలా, ముసలితనానికి దాచుకోవాలా? ఈ ప్రశ్నకు మొదటి పది ఎత్తుల్లోనే జవాబు చెప్పుకోవాలి. ఇద్దరి స్వభావాలూ ఇక్కడ బయటపడతాయి.

ఇంకొకటి కూడా ఉంది, నాకు ఈ ఆటలో అన్నిటికన్నా అందంగా తోచేది. రాజును ఆనుకున్న గడిలో వేయకూడదని మినహాయింపు పెట్టాం కదా. అది ఆటకట్టు కోసం పెట్టింది. కానీ బంటును గెలిపించాలనుకునేవాడు తన రాజును ముందే నడిపించి చివరి గడి పక్కన నిలబెడితే ఎదుటివాడు అక్కడ కర్చీఫ్ వేయలేడు. రాజు బంటుకు దారి చూపిస్తూ ముందు నడవాలన్నది మామూలు చదరంగం చివరిదశలో పాత పాఠమే. మనం దాన్ని నియమంగా పెట్టలేదు, అనుకోనూ లేదు. వేరే పనికి పెట్టిన మినహాయింపులోంచి అది తానే మొలిచింది. ఇలాంటిది కనిపించినప్పుడు మీ ఆట బతుకుతుందని నమ్మవచ్చు.

బలాబలాలు సర్దాలంటే పావులు తీసేయనక్కర్లేదు. తమ్ముడికి రెండు కర్చీఫులు, అక్కకు ఒకటి ఇవ్వండి. పావు తగ్గించి ఆడితే చిన్నవాడికి అవమానంగా ఉంటుంది. కర్చీఫ్ ఎక్కువ ఇస్తే గర్వంగా ఉంటుంది.

అలక

రెండో ఆట మన పెళ్లిళ్ల నుంచి. ప్రతి పక్షంలో రెండు గుర్రాల్లో ఒకటి అల్లుడుగారు. మెడకు ఎర్రదారం కట్టండి. అల్లుడు ముందుకు వెళ్లినంతసేపూ మామూలు గుర్రమే. వెనక్కి రావాల్సి వస్తే అలుగుతాడు. అలిగినవాడు కదలడు. బంటు కాని సొంత పావు ఒకటి కొత్తగా నడిచి వచ్చి అతని పక్క గడిలో నిలబడితేనే అలక తీరుతుంది. అప్పటికే పక్కన ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. బంట్ల మాట ఎలాగూ వినడు.

రాజు దగ్గరికి తీసుకెళ్లి అడుగుదాం. అలిగిన గుర్రం చెక్ చెప్పగలదా? రెండు జవాబులూ ఇవ్వవచ్చు, కానీ ఆట రెండు రకాలుగా మారుతుంది. చెప్పగలదంటే అలక పెద్ద శిక్ష కాదు. చెప్పలేదంటే ఒక కొత్త ఆయుధం పుడుతుంది. అలిగిన గుర్రానికి భయపడక్కర్లేదు గనుక ఎదుటి రాజు ధైర్యంగా దాని గురిలోకి నడిచి వస్తాడు. అప్పుడు మన శకటు వెళ్లి గుర్రం పక్కన నిలబడుతుంది. అలక తీరిపోతుంది. తీరిన క్షణంలోనే చెక్! వచ్చిన శకటు కూడా రాజును గురిపెడుతుంటే ఒకేసారి రెండు చెక్‌లు. బుజ్జగింపుతో ఆట కట్టించే ఈ ఎత్తు మరే చదరంగంలోనూ దొరకదు. అందుకే చెక్ చెప్పలేదన్న జవాబే ఎంచుకోండి.

స్వయంగా రాజుగారే నడిచి వెళ్లి అల్లుణ్ణి బతిమాలుకోవచ్చు. నలుగురూ చూస్తుండగా బామ్మ ఈ ఎత్తు వేస్తే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

కరెంటు కోత

దీన్ని క్లుప్తంగా చెప్తాను. ప్రతి ఐదో వంతులో ఇద్దరికీ కరెంటు పోతుంది. ఆ ఒక్క వంతులో మంత్రి, ఏనుగు, శకటు ఒక్క గడి మాత్రమే కదలగలవు.

కోత ఎప్పుడో పాచిక వేసి తేల్చుకోవచ్చు. అలా చేస్తే మొదట్లో నవ్వు ఎక్కువ, కానీ ఆలోచించడానికి ఏమీ ఉండదు. వేళ తెలిసిన కోతకు తయారు కావచ్చు, దాన్ని ఎదుటివాడి మీద వాడవచ్చు. అదృష్టాన్ని మొదటి ఆటలోనే బోర్డు మీదికి తేకండి అని నా సలహా.

ఈ ఆటలో కంటికి కనిపించని పక్షపాతం ఒకటుంది, దాన్ని వెతికి పట్టుకోవడం మంచి అభ్యాసం. ఎదుటివాడు తర్వాతి ఎత్తులో ఏం చేయగలడన్నదాన్ని బట్టే మన రాజుకు ప్రమాదం. తెల్లవాడు ముందు ఆడతాడు గనుక కోత అతని వంతుతో మొదలవుతుంది. నల్ల రాజు కోతకు ముందరి ఎత్తులో దూరపు ఏనుగుకు ఎదురుగా నిర్భయంగా నిలబడవచ్చు. కానీ చీకట్లోనే అక్కడి నుంచి తప్పుకోవాలి, అడ్డుపెట్టడానికి తన దూరపు పావులు అందవు. తెల్ల రాజు కోతలో నిలబడి, వెలుగు వచ్చాక తీరిగ్గా తప్పుకోవచ్చు. తెల్లవాడికి కాస్త మేలు. ఒక కోత తెల్లవాడి వంతుతో, తర్వాతిది నల్లవాడి వంతుతో మొదలయ్యేలా చూస్తే సరిపోతుంది.

ముందు ఆడేవాడికి అన్యాయమైన లాభం వస్తోందా అన్నది ప్రతి ఆటకూ అడగాలి. వంతుకు రెండేసి ఎత్తులు వేసే ఫ్రెంచి చదరంగంలో ఈ లాభం మరీ ఎక్కువై, తెల్లవాడు మొట్టమొదటి వంతులో ఒక్క ఎత్తే వేయాలని తర్వాత దిద్దుకున్నారు. ఒక్క వాక్యంతో పోయే రోగమది, కనిపెట్టడమే కష్టం.

ఆడించడం

మొదటి ఆట మొత్తం బోర్డుతో వద్దు. రెండు రాజులు, రెండు ఏనుగులు, ఆరేసి బంట్లతో పెట్టుకుని కొత్త నియమాన్ని గిల్లి చూడండి. పది నిమిషాల్లో దాని స్వభావం తెలుస్తుంది. గుర్రం మీద నియమమైతే గుర్రాలు ఉంచండి. కర్చీఫ్ నియమమైతే గెలవబోయే బంటు ఒకటి ఉంచండి.

ఆట మధ్యలో నియమం మార్చకండి. 'ఇది నీ నియమమే కదా, నీకు అనుకూలంగా చెప్తున్నావు' అన్న మాట ఒక్కసారి వచ్చిందంటే ఆ సాయంత్రం అయిపోయినట్టే. అనుమానం వస్తే ఇద్దరూ ఒప్పుకున్న జవాబుతో ఆట పూర్తిచేయండి. ఒప్పుకోకపోతే నాణెం వేయండి. సవరణ తర్వాతి ఆటకే. కనిపెట్టినవాడు వీలైతే మొదటి ఆట ఆడకుండా పక్కన కూర్చుని చూడాలి. ఆడుతుంటే గెలుపు మీదే కన్నుంటుంది, ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ ఆవలింత వచ్చింది అన్నది కనిపించదు.

పిల్లల్ని కనిపెట్టనివ్వండి. వాళ్లు మొదట తెచ్చే నియమం దాదాపు ఎప్పుడూ 'నా మంత్రిని ఎవరూ చంపకూడదు' అన్న తరహాలో ఉంటుంది. కాదనకండి. అదే నియమం ఎదుటివాడికీ వర్తిస్తుందని మాత్రం చెప్పి ఆడించండి. చావు లేని మంత్రులు ఇద్దరు బోర్డు మీద తిరుగుతుంటే ఎవరి రాజుకూ నిద్ర ఉండదని వాళ్లే తెలుసుకుంటారు. తర్వాతి నియమం ఎంతో మెరుగ్గా ఉంటుంది. నియమం అందరికీ సమానంగా వర్తించాలన్న పాఠాన్ని ఉపన్యాసంతో చెప్పలేం, ఇలా ఇరవై నిమిషాల్లో అందుతుంది.

మూడో ఆటలో కూడా నవ్వొస్తోందా చూసుకోండి. మొదటి ఆటలో నవ్వు కొత్తదనానిది. మూడోదాంట్లో వచ్చేది ఆటది. అప్పటికి నవ్వు పోయి ఆలోచన మాత్రమే మిగిలితే అదీ మంచి ఆటే, ఉంచుకోండి. రెండూ పోతే వదిలేసి మరో నియమం వెతకండి.

నిలిచిన ఆటకు పేరు పెట్టండి. నియమాన్ని ఒక అట్టముక్క మీద నాలుగు లైన్లలో రాసి పావుల డబ్బాలో పడేయండి. ఆ అట్ట మాత్రమే ఇచ్చి పక్కింటివాళ్ల చేత ఆడించండి, మీరు వివరించడానికి వెళ్లకండి. వాళ్లు ఏదో ఒకటి అడుగుతూ వస్తారు. రెండు కర్చీఫులూ ఒకే గడిలో వేయవచ్చా? అలిగిన అల్లుణ్ణి చంపితే ఎర్రదారం రెండో గుర్రానికి వస్తుందా? జవాబు మీకూ వెంటనే తట్టదు. నాలుగు ప్రశ్నలూ మళ్లీ వేసుకుని, తేల్చుకుని, అట్ట వెనక రాయండి.